పాలమూరు చేలల్లో పందికి ఏ తూటా?

యాసంగి వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే వేళకు పాలమూరు ప్రాంతంలోని నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల ఊళ్లలో ఒకే గోడు మొదలవుతుంది. రాత్రికి రాత్రి అడవిపందుల మంద దిగుతుంది, తెల్లవారేసరికి సాళ్లన్నీ నాగలి పెట్టి కలియదున్నినట్టు ఉంటాయి. మక్కజొన్న పాలకంకి దశలో నేలమట్టమవుతుంది. ఇది నల్లమల అంచు ఊళ్లకే పరిమితమైన బాధ కాదు. జూరాల కాలువలు, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాక ఒకప్పటి మెట్ట చెలకల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు పచ్చని పైరు నిలుస్తోంది. చెరువు శిఖాల్లో సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుంది. పందికి పగలు దాక్కోవడానికి తుమ్మపొద, రాత్రి తినడానికి చేను, తాగడానికి కాలువ నీళ్లు ఒక్క కిలోమీటరు లోపలే దొరుకుతున్నాయి. అందుకే అడవికి చాలా దూరంలో ఉన్న ఊళ్లలో కూడా తుపాకీ మాట వస్తోంది. ఆ మాట వచ్చినచోటల్లా దాని వెనుకే మరో మాట వస్తుంది: పెద్ద తుపాకీ ఎందుకు, తేలికైనది, చిన్న బోరుది, నడుమ విరిచి ఒక్కొక్క తూటా పెట్టుకునేది చాలు కదా, తూటాలు కూడా ఖాళీ తొడుగుల్లో మళ్లీ నింపుకుంటే ఖర్చు కలిసి వస్తుంది కదా అని. ఈ వాదనలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని నిలుపుకొని మిగతా సగాన్ని ఎందుకు వదులుకోవాలో చూపించడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందు నిజమైన సగం. నడుమ విరిచే తుపాకీ 1830లలో ఫ్రాన్సులో లెఫోషో చేతిలో రూపు దిద్దుకుంది. 1875లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు ఇంగ్లండు పనివాళ్లు దాని లోపలి యంత్రాన్ని సరళం చేశారు. నేటి మన సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్ తుపాకులు చాలావరకు ఆ వంశంవే. దీని మేలు ఏమిటంటే తుపాకీ విరిచి ఉందంటే అది పేలదని పదడుగుల దూరం నుంచే అందరికీ కనిపిస్తుంది. గెట్టు దాటేటప్పుడు, మంచె ఎక్కేటప్పుడు ఇంతకంటే నమ్మకమైన భద్రత మరొకటి లేదు. ఇలాంటి తుపాకీకి అడుగున అంచు పొడుచుకొచ్చిన తూటాయే, అంటే రిమ్ము తూటాయే సహజంగా సరిపోతుంది. ఆ అంచు గొట్టం వెనుక చివరకు ఆనుకొని తూటా ఎంత లోపలికి దిగాలో నిర్ణయిస్తుంది. పేలాక తొడుగును బయటికి నెట్టే లివరుకు పట్టు ఇచ్చేదీ ఆ అంచే. అంచు లేని తూటాను ఇలాంటి తుపాకీలో వాడాలంటే దాని గాడిలోకి దిగే చిన్న స్ప్రింగు కొక్కెం కావాలి. అది దుమ్ముకు, తుప్పుకు, వానకు లోబడే భాగం. పైగా బోల్టు తుపాకీలో చేతిపిడి తిప్పినప్పుడు ఇరుక్కున్న తొడుగును బలంగా సడలించే మరవంటి శక్తి ఉంటుంది, విరిచే తుపాకీలో అది లేదు. పీడనం పెరిగి ఇత్తడి గొట్టం గోడకు అతుక్కుంటే దాన్ని లాగడానికి మిగిలేది ఆ అంచు ఒక్కటే. కాబట్టి విరిచే తుపాకీకి రిమ్ము తూటా, అది కూడా మితమైన పీడనం ఉన్నది కావాలన్న మాట ముమ్మాటికీ సరైనదే.

తేడా వచ్చేది చిన్న బోరు దగ్గర. ఈ తరగతిలో మొదటిది 22 లాంగ్ రైఫిల్. ఫ్లోబేర్ 1845లో చేసిన చిన్న తూటా నుంచి పుట్టి 1887లో ఇప్పటి రూపానికి వచ్చింది. దాని గుండు సుమారు రెండున్నర గ్రాములు, గొట్టం మూతి దగ్గర శక్తి దాదాపు 150 జౌళ్లు. రెండోది 22 హార్నెట్. 1920ల చివర అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో పాత నల్ల తుపాకీమందు తూటాను పట్టుకొని ప్రయోగాలు చేసి తీర్చిదిద్దారు, 1930లో వించెస్టర్ అమ్మకానికి తెచ్చింది. మూడు గ్రాముల లోపు గుండు సెకనుకు 800 మీటర్ల పైచిలుకు వేగంతో బయలుదేరుతుంది. మూతి దగ్గర శక్తి వెయ్యి జౌళ్లకు కాస్త తక్కువ, వంద మీటర్లు పోయేసరికి అందులో సగం పైచిలుకు మాత్రమే మిగులుతుంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఒంటిగొట్టపు విరిచే రైఫిళ్ల కోసం 5.6 మిల్లీమీటర్ల రిమ్ము తూటాల కుటుంబమే ఉంది. ఇవన్నీ కుందేలుకు, నక్కకు, మహా అయితే జింకజాతిలో చిన్నదైన రో జింకకు ఉద్దేశించినవి. ఇవి గురి తప్పనివి, మెల్లగా తన్నేవి, చప్పుడు తక్కువవి. తమ పనికి ఇవి ఉత్తమమైనవే. అడవిపంది ఆ పనుల జాబితాలో లేదు.

ఇది అభిరుచి భేదం కాదు, కొలతకు లొంగే విషయం. జర్మనీ వేట చట్టంలోని 19వ సెక్షను ఇక్కడ మంచి గీటురాయి. రో జింకను కొట్టే తూటాకు వంద మీటర్ల దగ్గర కనీసం 1000 జౌళ్ల శక్తి ఉండాలని, అడవిపందితో సహా అంతకంటే పెద్ద గిట్టల జంతువులకు గుండు 6.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదని, వంద మీటర్ల దగ్గర శక్తి 2000 జౌళ్లకు తగ్గకూడదని అది నిర్దేశిస్తుంది. ఆ లెక్కన హార్నెట్ పందికే కాదు, రో జింకకు కూడా చాలదు. 22 లాంగ్ రైఫిల్ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ దేశం ఈ అంకెలను ఊరికే పెట్టుకోలేదు. ఎదిగిన మగపంది భుజాల మీద గట్టి పీచు కణజాలపు పొర డాలులా ఉంటుంది. చర్మం మందం, దాని మీద ఎండిన బురద పొర. గుండె, ఊపిరితిత్తులు ముందుకాళ్ల మధ్య కిందికి ఉంటాయి, వాటిని చేరాలంటే గుండు ఆ భుజాన్ని దాటాలి. తేలికైన, వేగమైన చిన్న గుండు ఎముకకో ఆ డాలుకో తగిలి అక్కడే చిట్లిపోతే పైపైన పెద్ద గాయమవుతుంది తప్ప పంది పడదు. అది పరుగెత్తి పోయి తుమ్మపొదలో పడుకుంటుంది. తెల్లారి కట్టెలకో మేకల వెంటో వెళ్లినవాళ్ల మీద పడేది ఆ గాయపడిన పందే. చేలో కాల్చిన తూటా ధర రైతు లెక్కలో ఉంటుంది. పొద దగ్గర జరిగే ప్రమాదం ఖర్చు ఏ లెక్కలోనూ ఉండదు.

దీనికి గట్టి జవాబు ఒకటి వినిపిస్తుంది: గురి ఉన్నవాడికి బోరుతో పనేమిటి, చెవి కింద కొడితే చిన్న గుండుకైనా పంది అక్కడే కూలుతుంది కదా అని. ఇది అబద్ధం కాదు. పగటి వెలుగులో, నిలబడిన జంతువును, దగ్గరి దూరంలో, తుపాకీ ఆనించుకొని కొట్టగలిగితే అది జరుగుతుంది. అయితే చేనుకాపలాలో ఈ నాలుగు షరతులూ ఒక్కసారి కలిసిరావు. పంది వచ్చేది రాత్రి, మందగా, తల నేలలో దించి తవ్వుతూ కదులుతూ ఉంటుంది. టార్చి వెలుగు పడగానే చెదిరిపోతుంది. మెదడు ఉన్న చోటు అరచేతి కంటే చిన్నది, అదీ ఊగుతూ ఉంటుంది. రెండంగుళాలు కిందికి తగిలితే దవడ విరుగుతుంది. దవడ విరిగిన పంది రోజుల తరబడి తిండి లేక చస్తుంది. ఆయుధాన్ని ఎంచేటప్పుడు అత్యుత్తమ షూటరుకు అత్యుత్తమ క్షణంలో ఏం సాధ్యమన్నది చూస్తే చాలదు. మామూలు మనిషి మామూలు రాత్రిలో పొరపడితే ఏమవుతుందన్నదే చూడాలి. పెద్ద గుండు పొరపాటును పూర్తిగా మన్నించదు గాని, చిన్న గుండు అసలే మన్నించదు.

ఇక మన చట్టం ఏ తుపాకీ వైపు చూస్తుంది? 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షనులో ఒక ఏర్పాటు ఉంది. పంట రక్షణ కోసం నిజంగా అవసరమైన పౌరుడికి మూతి నుంచి మందు కూరే తుపాకీకి, అంటే మజిల్ లోడరుకు, లైసెన్సు ఇవ్వాలని అది చెబుతుంది. 22 బోరు రైఫిల్‌ను ఆ చట్టం రాసినప్పుడే రైఫిల్ క్లబ్బు సభ్యుల గురి అభ్యాసానికి కేటాయించింది, పంటకు కాదు. అంటే చిన్న బోరు పందికి తగదన్న తెలివి అరవై ఏళ్ల కిందటే చట్టంలో ఉంది. మజిల్ లోడరును పంటకు ఒప్పుకోవడంలో ఆనాటి ఆలోచన కూడా అర్థమవుతుంది: ఒక్క దెబ్బ కొట్టాక మళ్లీ కూరడానికి నిమిషాలు పట్టే తుపాకీతో మనిషి మీద దాడి చేయడం కష్టం, చప్పుడు మాత్రం పందిని తరమడానికి చాలు. రైతును పూర్తిగా నిరాయుధుణ్ణి చేయకుండా, శాంతిభద్రతలకు భంగం రాకుండా మధ్యేమార్గం. తరమడం వరకు అది పనికొస్తుంది కూడా.

చంపడం దగ్గరికి వస్తే మజిల్ లోడరు అన్నిటికంటే నమ్మరానిది, అది కూడా ప్రధానంగా కూర్పులోని నిలకడలేమి వల్ల. తూటా నింపుకోవడం గురించి మనం విదేశీ అలవాటులా మాట్లాడతాం గాని, మజిల్ లోడరు ఉన్న ప్రతి ఇంట్లో ప్రతి దెబ్బకూ జరిగేది అదే. మందు కొలిచి పోయడం, పీచు కుక్కడం, గుండో రవ్వలో వేయడం, టోపీ పెట్టడం. కొలత చేతి అంచనా, మందు నాణ్యత సంచికో రకం, వానాకాలం తేమకు సగం బలం పోతుంది. ఒక రాత్రి పేలిన దానికి, మరుసటి రాత్రి పేలిన దానికి పొంతన ఉండదు. అన్నిటికంటే ప్రమాదకరమైనది నల్ల తుపాకీమందు కోసం చేసిన గొట్టంలో పొగలేని కొత్తరకం మందు పోయడం. నల్ల తుపాకీమందుతో పోలిస్తే అది చిన్న కొలతలోనే ఎన్నో రెట్లు పీడనం పుట్టించగలదు, గొట్టం చీలి కాల్చేవాడి ఎడమచేయీ కళ్లూ పోతాయి. కాబట్టి చిన్న బోరు తూటాలను ఇంట్లో నింపుకోవచ్చా అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ మజిల్ లోడర్ల అనుభవంలోనే ఉంది.

మిగతా సగం తూటా నిర్మాణంలో ఉంది. మొదట, 22 లాంగ్ రైఫిల్‌ను మళ్లీ నింపడం అసలు కుదరదు. దాన్ని పేల్చే రసాయనం అంచు లోపలే పూత పూసి ఉంటుంది, సూది తగిలి అంచు నలిగాక ఆ తొడుగు పని అయిపోయినట్టే. హార్నెట్ వంటి, అడుగు నడుమ పేలుడు టోపీ (ప్రైమరు) ఉన్న తూటాలనే మళ్లీ నింపుతారు. ఇతర దేశాల్లో దాన్ని ఒక కళగా సాధన చేసేవాళ్లున్నారు, వాళ్ల శ్రద్ధ మెచ్చదగినది. కానీ వాళ్లే ఒప్పుకునే విషయాలు కొన్ని ఉన్నాయి. హార్నెట్ ఇత్తడి పలుచన, మెడ సున్నితం, కొద్దిసార్లకే చీలుతుంది. దానిలో పట్టే మందు చిటికెడు. మందును కొలిచే గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, చిటికెడు మందులో ఒక్క గ్రెయిన్ తేడా వస్తే పెద్ద తూటాలో వచ్చిన దానికంటే పీడనం మీద ప్రభావం చాలా ఎక్కువ. తొడుగు చిన్నదైన కొద్దీ పొరపాటుకు చోటు తగ్గుతుంది. విరిచే తుపాకీలో మూత బిగింపు సడలితే ప్రతి పేలుడుకూ తొడుగు అంచు పైభాగంలో సాగి, ఒకనాడు అక్కడే తెగుతుంది, వేడి వాయువు మొహం మీదికి వస్తుంది. అందుకే ఆ దేశాల్లో అచ్చయిన కొలతల పుస్తకాలు, తూచే యంత్రాలు, ఒకే గొట్టానికి ఒకే తొడుగులు అన్న క్రమశిక్షణ ఉంటాయి. ఇవేవీ లేనిచోట రీలోడింగ్ పొదుపు కాదు, ఎప్పుడు పేలుతుందో తెలియని అప్పు.

చట్టం మాట కూడా సూటిగా ఉంది. ఆయుధాల చట్టంలో తూటా సామగ్రి అన్న నిర్వచనంలోకి తూటా ఒక్కటే రాదు. దాని భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా వస్తాయి. తయారీకి వేరే లైసెన్సు ఉండాలి. తుపాకీ లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన తూటా తయారుచేసే హక్కు రాదు. లైసెన్సు పుస్తకంలో ఎన్ని తూటాలు కొనవచ్చో రాసి ఉంటుంది, ఇంట్లో నింపుకుంటే ఆ లెక్కే అర్థం కోల్పోతుంది. ఇక్కడ ఖర్చు వాదన వస్తుంది: ఫ్యాక్టరీ తూటా ఖరీదు, దొరకడం కష్టం, చిన్న రైతు ఎక్కడ కొంటాడు? ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ చేనుకాపలాలో ఏడాదికి కాలేవి లెక్కపెట్టగలిగినన్ని తూటాలే. రీలోడింగ్ లాభం వేల తూటాలు కాల్చే గురి క్రీడాకారుడికి, పదో ఇరవయ్యో కాల్చేవాడికి పరికరాల ఖర్చే తిరిగి రాదు. ఆదా లేని చోట ప్రమాదాన్ని మాత్రం కొనుక్కోవడం ఎందుకు?

మరి ఏది సరిపోతుంది? మన మార్కెట్లో ముఖ్యమైన ఎంపికలు రెండు. ఒకటి 315 బోరు రైఫిల్. దీని వెనుక చరిత్ర ఉంది. తిరుగుబాటుదారుల చేతికి సైనిక తూటాలు చిక్కుతాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 1907లో 450 బోరు తూటాలను ఇండియాకు రాకుండా ఆపింది. వేటగాళ్ల కోసం ఇంగ్లండు కంపెనీలు 470, 465 వంటి కొత్త బోర్లు పుట్టించింది ఆ తర్వాతే. సైన్యం వాడిన 303 బోరు కూడా పౌరులకు అందనిదయింది. ఆ ఖాళీలోకి వచ్చింది 315. అది 1890 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన ఎనిమిది మిల్లీమీటర్ల మాన్లిఖర్ రిమ్ము తూటాయే. బీఎస్ఏ కంపెనీ దానికి లీ ఎన్‌ఫీల్డ్ యంత్రం తొడిగి ఇండియా కోసం చేసింది, తర్వాత మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దాన్ని అందుకుంది. బోరు ఎంపికను జంతువు కాక రాజ్యం భయం నిర్ణయించిన చరిత్ర ఇది, 1959లో మజిల్ లోడరును ఎంచిన తర్కం కూడా దీని కొనసాగింపే. ఏమైనా 315 గుండు దాదాపు 16 గ్రాములు, శక్తి మూతి దగ్గర మూడు వేల జౌళ్ల ప్రాంతం. జర్మనీ గీటురాయికి తూగే తూటా. పందికి చాలు, సందేహం లేదు.

రెండోది పన్నెండు బోరు తుపాకీ, అందులోనూ రవ్వల తూటా కాదు, ఒకే పెద్ద గుండు ఉన్న తూటా. రవ్వలు ముప్పై నలభై గజాలు దాటితే చెదిరి మందలో నాలుగు పందులను గాయపరుస్తాయి, ఒక్కదాన్నీ పడగొట్టవు. ఒంటి గుండు ఒక ఔన్సు బరువు, అంటే 28 గ్రాములు. దగ్గరి దూరంలో దాని దెబ్బ 315కు పెద్దగా తగ్గదు, వంద మీటర్లకు వచ్చేసరికి చాలా పడిపోతుంది. ఆ పడిపోవడమే పాలమూరు చేలల్లో దాని సుగుణం. ఇక్కడి భూమి చదునుగా ఉంటుంది, మధ్య మధ్యలో నల్లరాతి గుట్టలు, బండలు. బోరుబావి మోటారు పెట్టడానికి ఏ రాత్రి ఎవరు చేలో ఉంటారో తెలియదు. పక్క గెట్టు దగ్గర మంచె మీద మరో రైతు పడుకొని ఉంటాడు. రైఫిల్ గుండు లక్ష్యం తప్పితే కిలోమీటర్ల దూరం పోతుంది. ఇక్కడ చిన్న బోరు పక్షం వహించేవాళ్లకు చెప్పవలసిన మాట ఒకటుంది: బక్క 22 గుండు కూడా కిలోమీటరు దాటి పోగలదు, బండకు తగిలితే ఈల వేస్తూ దిశ మార్చుకుంటుంది. చిన్నదంటే సురక్షితమన్నది భ్రమ. పంది దగ్గర శక్తి చాలక, మనిషి దగ్గర శక్తి మిగిలి ఉండే తూటా అది. పన్నెండు బోరు గుండు లావు, మొద్దు, గాలి దాన్ని త్వరగా ఆపుతుంది. మంచె మీది నుంచి కిందికి, ముప్పై నలభై మీటర్ల లోపు కొడితే, తప్పినా దున్నిన నేలలో దిగుతుంది.

గమనించవలసింది ఏమిటంటే, పన్నెండు బోరు తూటా కూడా రిమ్ము తూటాయే, అది పెట్టేది చాలావరకు నడుమ విరిచే తుపాకీలోనే. మొదట్లో నిజమన్న సగం ఇక్కడ చెక్కుచెదరకుండా నిలుస్తుంది: విరిచి చూపగల భద్రత, అంచు పట్టుతో తేలిగ్గా బయటికొచ్చే తొడుగు, మితమైన పీడనం. వదులుకోవలసింది చిన్న బోరును మాత్రమే. ఇందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 13వ సెక్షనులోనే, పంట రక్షణకు మజిల్ లోడరు చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి నమ్మకం కుదిరితే ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న మరో నున్నని బోరు తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చన్న వెసులుబాటు ఉంది. మూడు జిల్లాల అధికారులకు ఈ వాక్యం ముఖ్యం. ఇక్కడి సాగు తీరు, పంది తీరు ఆ నమ్మకానికి చాలినంత ఆధారం.

అయితే తుపాకీ లైసెన్సు వేరు, పందిని చంపే అనుమతి వేరు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్ల ఎందరో కేసుల్లో ఇరుక్కుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పాత రూపంలో అడవిపంది మూడో షెడ్యూలులో ఉండేది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక రెండో షెడ్యూలులోకి మారింది. నిలిచిన పంటతో సహా ఆస్తికి ముప్పు అయిన జంతువును చంపడానికి 11వ సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతించాలి. అలా చంపిన పంది ప్రభుత్వ ఆస్తి, మాంసం ఎవరికీ చెందదు. ఇది కఠినంగా తోచవచ్చు గాని, పంట పేరుతో మాంసం వేట సాగకుండా ఆపే గట్టి అడ్డుకట్ట ఇదే. కేరళ 2022లో ఈ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించింది. ఉత్తరాఖండ్‌లో 2016లో కేంద్రం పందిని కొంతకాలం హానికర జంతువుగా ప్రకటించింది, అప్పుడు అనుమతి కూడా అక్కర్లేకపోయింది. రెండో దారి మనకు తగదని నా అభిప్రాయం. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, బఫర్‌తో కలిపి 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం. అక్కడ పంది పులికీ చిరుతకూ ఆహారం. అడవి అంచున ఎవరు ఏ తూటాతో కొడుతున్నారో అడగని ఏర్పాటు పందితో ఆగదు. చేలో పంది, పొలంలో కృష్ణజింక, అడవిలో కణితి అన్నీ ఒకే తుపాకీకి గురవుతాయి, చప్పుడు తక్కువైన చిన్న బోరు ఈ దొంగవేటకే ఎక్కువ అనుకూలం. చిన్న బోరు మీద నా అభ్యంతరంలో ఇది చిన్న భాగం కాదు.

అడవిని ప్రేమించేవాళ్లు అడిగే ప్రశ్న ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉంటుంది: అసలు కాల్చడం ఎందుకు? ఈ అభ్యంతరంలో బలముంది. ఆడపంది ఏడాది వయసు దాటగానే ఈనుతుంది, ఈతకు నాలుగైదు పిల్లలు. ఏటా విరివిగా వేట సాగే ఐరోపా దేశాల్లోనే పందుల సంఖ్య దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చింది. కాబట్టి తుపాకీతో సంఖ్య తగ్గిస్తామన్నది అడియాస. తూటాకు దక్కే న్యాయమైన స్థానం చిన్నది: ఒక చేనును పట్టి వదలని, వేరే ఉపాయాలకు లొంగని మందను చెదరగొట్టడం. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వెన్నెముక ఉన్న పంటశత్రువుల మీద పనిచేసే పరిశోధన విభాగం చెప్పిన ఉపాయాలు ముందు రావాలి: వేరుశనగ చుట్టూ నాలుగు సాళ్లు ముళ్ల కుసుమ, మక్క చుట్టూ ఆముదం, గంధకం పట్టించిన కొబ్బరితాడు, సోలార్ కంచె. ఇవి ఒక్కొక్కటీ కొంతకాలమే పనిచేస్తాయి, పంది తెలివైనది, అలవాటు పడుతుంది. అందుకే మార్చి మార్చి వాడాలి.

కానీ తుపాకీని పూర్తిగా తీసేస్తే రైతు ఊరుకుంటాడనుకోవడం కూడా అడియాసే. తుపాకీ దారి మూసుకున్న చోట వచ్చేవి మోటారు కరెంటుతో తీగలు, పిండిలో చుట్టిన నాటు బాంబులు, ఉచ్చులు. తీగకు పంది ఏదో మనిషి ఎవరో తెలియదు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క చేను రైతు, కొన్నిసార్లు తీగ పెట్టినవాడే, దానికి బలవుతున్నారు. బాంబును కుక్క, ఆవు కొరుకుతాయి. ఉచ్చులో చిరుత పడుతుంది. ఈ మూడింటితో పోల్చినప్పుడు అనుమతి పత్రంతో, పేరున్న షూటరు చేతిలో, మంచె మీది నుంచి పడే ఒక పన్నెండు బోరు గుండు తక్కువ హింస, తక్కువ ప్రమాదం. తూటా ఎంపికను రైతు ఒంటరి అవసరానికి వదిలేయకుండా వ్యవస్థ చేతికి తీసుకోవాలనడంలో నా ఉద్దేశం ఇదే. రైతుకు తెలివి లేదని కాదు, అర్ధరాత్రి చేలో ఒక్కడే నిలబడినవాడికి మంచి ఎంపికలు మిగలవు.

అందుకే చేయవలసిన మార్పు చిన్నదే, అది అనుమతి పత్రంలోనే ఉంది. 11వ సెక్షను కింద ఇచ్చే ఉత్తర్వులో ఏ జంతువు, ఏ ఊరు, ఎన్ని రోజులు అన్నవాటితో పాటు ఏ తూటా అన్న గడి కూడా ఉండాలి. ఫ్యాక్టరీ తయారీ ఒంటి గుండు పన్నెండు బోరు, నలభై మీటర్ల లోపు, మంచె మీది నుంచి. చదును చేలల్లో 315 వద్దు, వెనుక మట్టికట్టో గుట్ట వాలో ఉన్నచోట మాత్రమే. 22 తరగతి ఏదీ వద్దు, చేతితో నింపిన తూటా ఏదీ వద్దు. ఎన్ని తూటాలు తీసుకెళ్లారు, ఎన్ని కాలాయి, ఖాళీ తొడుగులు ఎన్ని తిరిగొచ్చాయి, గాయపడి తప్పించుకున్న పందులెన్ని, వాటిని తెల్లారి వెతికారా అన్నవి పంచాయతీ కార్యాలయంలో నమోదు కావాలి. తిరిగొచ్చిన తొడుగులను అక్కడే నలగ్గొట్టాలి. ఈ గాయాల లెక్క రెండు మూడు యాసంగులు సక్రమంగా రాస్తే, ముప్పై మీటర్ల దూరం సరిపోతుందా, నలభై ఎక్కువా అన్నది అచ్చంపేట, కొల్లాపూర్ చేలే చెబుతాయి. అప్పుడు జర్మనీ అంకెలను అరువు తెచ్చుకోవలసిన పని ఉండదు.